దిబ్బల దారి – 6: దంతపురం మట్టిగోడ మీద



పోయిన భాగంలో ఆమదాలవలస దగ్గరి పాండవుల మెట్ట గురించి రాశాను. ఎప్పటివాళ్లో, చనిపోయిన తమవాళ్ల కోసం నిలబెట్టుకున్న రాతిబండలకి పాండవుల పేరు ఎలా అంటుకుందన్నది అక్కడి ప్రశ్న. ఈసారి వెళ్లింది అక్కడికి ఎంతో దూరం లేని చోటుకే. దీనికి పాండవుల పేరు కాదు, వాళ్ల పక్షాన నిలబడ్డ కృష్ణుడు చంపిన ఒక రాజు పేరు ఉంది.

సరుబుజ్జిలి మండలం, రొట్టవలస దగ్గర. ఊళ్లో అడిగితే దంతవక్త్రుని కోట అంటారు. పుస్తకాల్లో దంతపురం. ఒకప్పుడు కళింగానికి రాజధాని అని చెప్పే పట్నం. ఇప్పుడు అక్కడ ఎవరూ ఉండరు.

డిగ్రీ పిల్లలు పదకొండు మంది, నేను. ఆమదాలవలసలో బస్సెక్కి, హిరమండలం రోడ్డు మీద దిగి, పొలం గట్ల మీద నడక. కోతలైపోయాయి. కుప్పలు వేసి ఉన్నాయి. మంచు ఇంకా విడలేదు. పిల్లలు ఫోన్లు బయటికి తీసి సిద్ధంగా ఉన్నారు. వాళ్ల కళ్లలో గోల్కొండ ఉంది, కనీసం బొబ్బిలి ఉంది. ఒక పొడుగాటి గట్టెక్కి, దాని మీదే కాసేపు నడిచాక ఒకమ్మాయి అడిగింది, "సార్, కోటకి ఇంకా ఎంత దూరం?"

"మనం నిలబడింది కోటగోడ మీదే" అన్నాను.

ఎవరూ ఫోటో తీయలేదు. తీయడానికి ఏముంది? చెరువు గట్టులా ఉంటుంది. గడ్డి, తుప్పలు, అక్కడక్కడా తాడిచెట్టు. రాయి లేదు, బురుజు లేదు, ద్వారం లేదు. మట్టి తవ్వి, మోసి, పోసి, తొక్కి లేపిన గోడ. లోపల పొలాలు. వంగి చూస్తే మాత్రం నేలంతా కుండపెంకులే. ఎర్రవి, నల్లవి, గోటితో గీసినట్టు గీతలున్నవి. 1990లలో రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు చేసింది. క్రీస్తు పూర్వం నుంచే ఇక్కడ పట్నవాసం ఉందనడానికి ఆధారాలు దొరికాయి. తర్వాత గోతులు పూడ్చారు. అంతే. శాలిహుండం కొండకున్నట్టు మెట్లూ మ్యూజియమూ దీనికి లేవు. 

గట్టు దిగువన ఒక ముసలమ్మ మేకలు కాస్తోంది. మమ్మల్ని చూసి దగ్గరికొచ్చింది. సర్వేవాళ్లం అనుకుందట. కాదు, చదువుకునే పిల్లలు, కోట చూడటానికి వచ్చారని చెప్పాను. "ఇదేటి సూత్తారు బావూ, గట్టు" అంది. ఎవరు కట్టారని మా పిల్లాడొకడు అడిగాడు. 

"రాజులు కట్టినారంతారు." కాసేపు గోడకేసి చూసింది. "రాజు తట్టెత్తుతాడేటి నాయనా?"

ఆమె ఉపాధి హామీ పనికి వెళ్లిన మనిషి. మట్టి కొలత తెలుసు. ఫీల్డు అసిస్టెంటు టేపు పెట్టి కొలిచే గొయ్యి ఎంత, అది తవ్వడానికి ఎన్ని తట్టలు పైకెత్తాలి, మిట్ట మధ్యాహ్నం దాకా చేస్తే కూలి ఎంత పడుతుంది, అన్నీ నోటిలెక్క. ఆ లెక్కతో గోడను చూసి చెప్పింది: మా గుంపుకిచ్చే కొలతైతే వారం రోజులు పోసినా ఇక్కడ మోకాలెత్తు లేవదు, ఊళ్లకి ఊళ్లు మోసుంటారు. నేను ఎం.ఏ.లో, పిహెచ్‌డీలో దంతపురం మీద చదివిన వ్యాసాల్లో ఒక్కదాంట్లో కూడా ఈ లెక్క లేదు. ఏ రాజు, ఏ వంశం, ఏ శాసనం, ఇదే.

ఇక పేరు సంగతి.

దంతవక్త్రుడు భాగవతం దశమ స్కంధంలో వస్తాడు. శిశుపాలుడి స్నేహితుడు. కృష్ణుడి చేతిలో చస్తాడు. వాడిది కరూశ దేశం, ఎక్కడో వింధ్య పర్వతాల దాపున. కళింగంతో వాడికి ఏ సంబంధమూ లేదు. మరి వంశధార ఒడ్డున వాడికి కోట ఎందుకుంది? ఉన్నదల్లా పేరులో మొదటి రెండక్షరాలు. 'దంత'. బుద్ధుడి పన్ను ఉన్న పట్నం కాబట్టి దంతపురం అన్నది బౌద్ధుల కథ. ఆ కథ జనం నోట్లోంచి పోయింది, పేరు మిగిలిపోయింది. మిగిలిన పేరుకి పురాణంలో వెతికితే 'దంత' ఉన్నవాడు ఒకడు దొరికాడు. బుద్ధుడి పన్ను పోయి రాక్షసుడి పళ్లొచ్చాయి.

ఇక్కడిదాకా నేను ఆరేడేళ్లుగా క్లాసులో చెబుతూ వస్తున్నదే. చప్పట్లు కూడా పడతాయి. "బౌద్ధ పట్నాన్ని బ్రాహ్మణీయం ఎలా మింగిందో చూడండి" అని ముగించేవాణ్ణి. మీటింగుల్లో అయితే ఇంకొక అడుగు ముందుకేసి "ఇది మన పూర్వీకుల పట్నం" అనేవాణ్ణి. ఈసారి గోడ మీద నిలబడి ఆ మాట అనబోయి ఆగిపోయాను. తట్ట లెక్క చెప్పిన మనిషి ముందు లెక్క లేని మాట అనబుద్ధి కాలేదు. అందుకే ఈ భాగం కాస్త పొడుగు. నాకు నేను జవాబు చెప్పుకోవాలి. 

మొదట మనకి నచ్చని సంగతులు. దంతపురం ఇదేనని అందరూ ఒప్పుకోలేదు. కన్నింగ్‌హామ్ రాజమండ్రి అన్నాడు. ఫెర్గూసన్ పూరీ అన్నాడు. వందేళ్ల కిందట జి. రామదాసు మన సిద్ధాంతం దగ్గరి ఈ కోటను చూపించాడు. 1925లో ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ చెప్పింది భాషాశాస్త్రం చదివినవాడిగా నాకు భలే ఇష్టం. రెండో శతాబ్దపు టాలెమీ తన భూగోళంలో ఈ తీరాన 'పలూరా' అనే ఊరిని చెప్పాడు. పల్ అంటే మన ద్రావిడ భాషల్లో పన్ను, ఊరు అంటే ఊరే. పల్లూరు. దాన్ని సంస్కృతంలోకి మారిస్తే దంతపురం! అంటే ఈ పట్నానికి మొదటి పేరు మన నోటిదే, తర్వాత సంస్కృత వేషం వేశారని లెవీ వాదన. వినడానికి ఎంత బాగుందో. కానీ ఆ పలూరాగా చెప్పే పాలూరు మన జిల్లాలో లేదు, గంజాం వైపు చిలకకు దగ్గర్లో ఉంది. నచ్చిన వాదన తీసుకుని నచ్చని ఊరు వదిలేయడం కుదరదు కదా.

పన్ను కథ చూద్దాం. అది దాఠావంస అనే పాళీ కావ్యంలో ఉంది. సుమారు 13వ శతాబ్దంలో సింహళంలో ధమ్మకిత్తి అనే భిక్షువు రాశాడు. అంటే కథ జరిగిందన్న కాలానికి దాదాపు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత. బుద్ధుడి చితిలోంచి తీసిన పన్ను కళింగ రాజుకి చేరుతుంది. ఎనిమిది వందల ఏళ్లు దంతపురంలో పూజలందుకుంటుంది. గుహశివుడనే రాజు కాలంలో శత్రువులు ఆ పన్ను కోసం యుద్ధానికొస్తారు. రాజు తన కూతురు హేమమాలకి, అల్లుడు దంతకుమారుడికి దాన్ని అప్పగించి యుద్ధంలో చనిపోతాడు. ఆ పిల్ల పన్నుని జడలో దాచుకుని ఓడెక్కి సింహళం చేరుతుంది. అది నాలుగో శతాబ్దం, అక్కడ సిరిమేఘవణ్ణుడు రాజు. ఇవాళ క్యాండీలో ఏనుగు మీద ఊరేగేది ఆ పన్నే అంటారు. 

బాగుంది. కానీ వాళ్లు ఓడెక్కింది తామ్రలిప్తిలో. ఇప్పటి బెంగాల్లో. వంశధార దిగువకి నడిస్తే ఒక్కరోజులో కళింగపట్నం రేవు వస్తుండగా, ఎక్కడో వందల మైళ్లు ఉత్తరానికి ఎందుకు పోయారు? శత్రువులు కాపు కాశారని సమర్థించవచ్చు. లేదా అసలు దంతపురం ఇక్కడ కాదేమో అని అనుమానపడవచ్చు. మనం ఈ అనుమానాన్ని దాచకూడదు. దాస్తే దంతవక్త్రుడి కథ అల్లినవాడికీ మనకీ తేడా ఏముంది?

మన వైపు గట్టిగా నిలబడే ఆధారం ఒకటుంది. టెక్కలి ప్రాంతంలో దొరికిన జిర్జింగి రాగిరేకులు. తొలి గంగరాజు ఇంద్రవర్మ గంగ శకం 39లో, అంటే సుమారు 537లో, దంతపురం నుంచి ఇచ్చిన శాసనం. కాబట్టి ఆరో శతాబ్దంలో ఈ ప్రాంతపు రాజులకి దంతపురం అనే రాజధాని ఉంది. రేకులు ఇక్కడే దొరికాయి, మట్టిగోడ ఇక్కడే ఉంది, పేరు ఇక్కడే మిగిలింది. అందుకే నేను ఇప్పటికీ ఇదే దంతపురం అనే వైపే మొగ్గుతాను. మొగ్గడం వేరు, నినాదం చేయడం వేరు.

ఆ రేకుల్లో ఏముందో చూడండి. దానం. ఒక ఊరిని బ్రాహ్మణుడికి ఇచ్చేయడం. తొలి గంగుల రాగిరేకులు ఎక్కువ భాగం ఇవే. రాజు పొగడ్త, ఊరి హద్దులు, పుచ్చుకున్నవాడి గోత్రం, దానం తప్పినవాడు పోయే నరకం. ఊళ్లో దున్నేవాళ్ల పేర్లుండవు. వాళ్లు ఊరితో పాటు చేతులు మారే వస్తువులు. దంతపురాన్ని మనం రాతలో స్పష్టంగా చూసేది ఇలా అగ్రహారాన్ని పంచిపెట్టే చోటుగా. 

మామూలు జనం కనిపించేది నాకు తెలిసి ఒక జాతక కథలో. కురుధమ్మ జాతకం. దంతపురంలో వానల్లేవు. కరువు. జనం పిల్లల్ని చేత్తో పట్టుకుని వీధుల్లో తిరుగుతూ రాజు వాకిట్లో గుమిగూడి ఏడుస్తారు. తర్వాత కథంతా రాజు ఏనుగుని తెప్పించడం, ధర్మాన్ని రాయించి తెప్పించడం, వాన కురవడం. చిన్న ముక్కే. కానీ వానకి ఆకాశం చూసే ఈ జిల్లాలో ఆ వాకిట్లో నిలబడ్డవాళ్లెవరో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 

ఇంకో మనిషి గురించి చెప్పాలి. ఫాహియాన్. చైనా నుంచి నడిచొచ్చిన భిక్షువు. ఐదో శతాబ్దం మొదట్లో తామ్రలిప్తిలో ఓడెక్కి సింహళం వెళ్లాడు. అక్కడ బుద్ధుడి పన్ను ఊరేగింపు కళ్లారా చూశాడు. రాజు దారులు అలంకరించడం, చాటింపు వేయించడం, జనం పూలూ ధూపాలతో రావడం, అంతా రాసుకున్నాడు. అదే పుస్తకంలో, అంతకు ముందు పేజీల్లో, మధ్యదేశంలో చూసిన ఇంకో సంగతి కూడా రాశాడు. చండాలురు ఊరి బయట ఉంటారు. పట్నంలోకి, బజారులోకి వచ్చేటప్పుడు కర్రతో చప్పుడు చేస్తూ రావాలి. జనం విని పక్కకి తప్పుకోడానికి.

ఒకే మనిషి, ఒకే ప్రయాణం. చనిపోయి వెయ్యేళ్లైనవాడి పన్నుకి ఊరంతా ఎదురెళ్తుంది. బతికున్న మనిషి వస్తుంటే ఊరంతా తప్పుకుంటుంది. ఫాహియాన్ కళింగంలో అడుగు పెట్టలేదు, ఆ కర్ర చప్పుడు దంతపురం వీధుల్లోదని నేననను. కానీ కాలం అదే.

ఈ ఫాహియాన్ మాటల్ని అంబేడ్కర్ 1948లో వచ్చిన 'అంటరానివారు' పుస్తకంలో పట్టి పట్టి చూశారు. ఇదొక్కటే అంటరానితనానికి రుజువుగా చాలదన్నారు. తనకి పనికొచ్చే సాక్ష్యాన్ని కూడా అంత తేలిగ్గా తీసుకోలేదాయన. మనం నేర్చుకోవాల్సింది అది. అన్నీ తూచి, అంటరానితనం సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టి ఉంటుందని తేల్చారు. 

ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టండి. నాలుగో శతాబ్దంలో పన్ను దంతపురం వదిలిందని కథ. 400 ప్రాంతంలో అంటరానితనం పుట్టిందని అంబేడ్కర్ అంచనా. 537లో దంతపురం నుంచి అగ్రహార దానం. రెండు వందల ఏళ్లలో ఈ నేల మీద ఏదో పెద్దదే తారుమారైంది. ఒకటి కథ, ఒకటి అంచనా, ఒకటే రాగిరేకు. మూడూ ఒకే బరువున్నవి కావు. కానీ వెతకాల్సిన చోటు ఎక్కడుందో చూపించడానికి చాలు. అది ఈ దిబ్బలోని ఒకటి రెండు మట్టి పొరల మధ్య ఉంది. 

ఏడో శతాబ్దంలో కళింగానికి వచ్చిన హుయాన్‌త్సాంగ్‌కి ఇక్కడివాళ్లు ఒక కథ చెప్పారు. పూర్వం ఈ దేశంలో భుజం భుజం రాసుకునేంత జనం ఉండేవాళ్లట. ఎవరో ఒక ఋషిని అవమానించారు. ఆయన శపించాడు. పిల్లా ముసలీ అందరూ చచ్చిపోయారు. చాన్నాళ్లు దేశం పాడుపడింది. తర్వాత ఎక్కడెక్కడివాళ్లో వచ్చి కొద్దికొద్దిగా నిండారు, ఇప్పటికీ పలచగానే ఉన్నారు. ఆయన చూసిన లెక్క కూడా రాశాడు. బౌద్ధారామాలు పది చిల్లర, దేవాలయాలు వంద పైన.

మన దేశంలో పాడుపడ్డ ప్రతి ఊరికీ ఒక శాపం ఉంటుంది. శాపం ఎంత సుఖమైన చరిత్రో చూడండి. పన్నులు ఎవరు వేశారు, నది ఎప్పుడు పక్కకి జరిగింది, రేవు ఎందుకు పూడింది, ఎవరి సైన్యం వచ్చింది, ఏమీ అడగక్కర్లేదు. పైగా తప్పు చచ్చినవాళ్లదే. అశోకుడు మాత్రం తన 13వ శిలాశాసనంలో శాపం పేరు చెప్పలేదు. కళింగంలో లక్ష మందిని చంపామని, లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించుకుపోయామని లెక్క చెప్పాడు. ఆ లక్షన్నర గురించి మనం పాఠాల్లో ఆగం. చనిపోయిన లక్ష గురించీ అశోకుడి పశ్చాత్తాపం గురించీ చెప్పి ముందుకెళ్లిపోతాం. తరలించబడ్డవాళ్లు ఎక్కడ దిగారు? ఏ అడవి కొట్టారు? ఎవరి ఊరి చివర గుడిసె వేసుకున్నారు?

అంబేడ్కర్ సిద్ధాంతం మొదలయ్యేది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే. ఆయన 'చెదిరిన మనుషులు' అన్నది వీళ్లనే. ఓడిపోయి, తెగలోంచి విడిపోయి, స్థిరపడ్డవాళ్ల ఊరి అంచున తలదాచుకుని, ఆ ఊరికి కాపలా కాసినవాళ్లు. వాళ్లు బౌద్ధాన్ని వదలకపోవడం, గొడ్డుమాంసం మానకపోవడం వల్ల అంటరానివాళ్లయ్యారన్నది ఆయన వాదన. తనది ఊహ కూడా కలిసిన సిద్ధాంతమని ముందుమాటలోనే దాపరికం లేకుండా చెప్పుకున్నారు. రుజువు చేసే పని మనకి వదిలారు. డెబ్భై ఏళ్లు దాటింది. మనం దాన్ని కొటేషన్‌గా వాడుకున్నంతగా పరిశోధనగా వాడుకోలేదు. ఈ మాట ముందు నాకే. 

పాడుపడ్డ పట్నం దగ్గర అడగాల్సింది రాజు ఎవరని కాదు, ఖాళీ చేసినవాళ్లు ఎటు పోయారని. మా పేటలో మా ముసలాళ్లు "మనం ఇక్కడివాళ్లం కాదురా, ఎక్కడినించో వొచ్చీసినాం" అనేవారు. ఎక్కడినుంచని అడిగితే తెలియదు. శ్రీకాకుళంలో ఏ మాల, రెల్లి, పైడి పేటకి వెళ్లినా ఈ మాట వింటారు. మీ ఇళ్లల్లో అడగండి. అది ఊరికే అనే మాటో, పాత జ్ఞాపకమో నాకు తేలలేదు. రాసి పెట్టండి. ఏ ఊరు, ఏ దిక్కు, ఏ గ్రామదేవత వెంట వచ్చారంటారు, ఇవన్నీ.

ఆ రోజు వచ్చిన పదకొండు మందిలో ఒకమ్మాయిది హిరమండలం వైపు ముంపు ఊరు. వంశధార రెండో దశ రిజర్వాయరు కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో ఒకటి. అప్పుడామె హైస్కూల్లో ఉంది. అన్నాలు తినేటప్పుడు తన నోటుబుక్కులో వాళ్ల ఊరు గీసి చూపించింది. రామమందిరం, రచ్చబండ, బడి, కాలవ, కాలవకి అవతల వాళ్ల పేట. పేటలో ఎవరి ఇల్లు ఎక్కడో పేర్లతో సహా. భూమి ఉన్నవాళ్లకి భూమి డబ్బులొచ్చాయి సార్, మాకు ఇల్లుకొచ్చింది, కూలి పని మాత్రం ఆ పొలాలతోనే పోయింది అంది. కొత్త కాలనీలో నాట్లకి పిలిచేవాళ్లు లేక వాళ్లమ్మ ఇప్పుడు విశాఖపట్నంలో తాపీ పనికి వెళ్తోంది. 

దంతపురాన్ని ఇలా గీయగలిగే మనిషి ఒక్కరు మిగలలేదు. ఈ అమ్మాయి బొమ్మ మాత్రం ఉంది. ఫోటో తీసుకున్నాను. ముంపు ఊళ్ల పిల్లలు ఇంకా ముగ్గురు నలుగురు మా కాలేజీలో ఉన్నారు. వాళ్లతో కూడా గీయిస్తున్నాం. పేటలు వదిలేయకుండా, బావి ఎవరిదో, ఎవరు ఎక్కడ తోడుకోకూడదో కూడా. 

తిరిగొచ్చేటప్పుడు ఒక కుర్రాడు జేబులోంచి నల్ల కుండపెంకు తీసి చూపించాడు. దాచుకుందామనుకున్నాడు. వెనక్కి తీసుకెళ్లి దొరికిన చోటే పెట్టించాను. ఏ పొరలోదో తెలియని పెంకు ఇంక ఏమీ చెప్పదు, అందుకు. వాడు పెట్టేశాడు గాని ఒక మాటన్నాడు. "దుక్కి దున్నినప్పుడల్లా నాగలికే బయటికొచ్చేస్తున్నాయి కదా సార్." అది నిజమే. గోడ లోపల పంట వేసేవాళ్లని తప్పుపట్టలేను. వాళ్లకి తిండి అదే. తవ్వకాలు మళ్లీ చేయమని, ఈసారి గోడకి బయట కూడా గోతులు వేయమని అర్జీ రాస్తున్నాం. బయట ఎవరుండేవాళ్లో, ఏం తినేవాళ్లో, ఎముకలు ఏ గొడ్డువో తెలియాలి. సంతకాలు పెట్టాలనుకున్నవాళ్లు ఇన్‌బాక్సులో చెప్పండి. 

వచ్చే ఆదివారం శాలిహుండం. 1919లో గిడుగు రామమూర్తి గుర్తుపట్టిన కొండ. సవరల మాట నేర్చుకున్న ఆ మనిషి గురించి కూడా అక్కడే మాట్లాడుకుందాం. శ్రీకాకుళం కాంప్లెక్సు దగ్గర ఉదయం ఆరున్నరకి. అన్నం కేరేజీ, నీళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. కొండెక్కాలి, చెప్పులు గట్టివి వేసుకోండి.